ఆఫ్రికా నుంచి వచ్చిన ఇంటి సామానులో జీబ్రా చర్మం, కుడు తలకాయ సీజ్ చేశారు. ఫైన్ కడితే వదులుతారా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీ అన్నయ్య జొహానెస్‌బర్గ్‌లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, కుటుంబంతో విశాఖకు తిరిగి వచ్చేశారు. ఇంటి సామానంతా కంటైనర్‌లో వేసి మన పోర్టుకు పంపించారు. సీఎఫ్‌ఎస్‌లో, అంటే పోర్టు దగ్గర కంటైనర్ సరుకు దించి తనిఖీ చేసే గోడౌన్‌లో, పెట్టెలు విప్పినప్పుడు అయిదు వస్తువులు బయటపడ్డాయి: స్టఫ్ చేయించిన కుడు (ఆఫ్రికాలో ఉండే జింక లాంటి జంతువు) తలకాయ, జీబ్రా చర్మం, చెక్కడం పని చేసిన నీటిగుర్రం పన్ను, ఏనుగు వెంట్రుకల కంకణం, బొమ్మలు గీసిన ఉష్ట్రపక్షి గుడ్డు. కస్టమ్స్ వాళ్లు సీజ్ చేసి కాగితం చేతికిచ్చారు. "అక్కడ లైసెన్సుతో వేటాడినవే, కొన్నవాటికి బిల్లులున్నాయి. ఫైన్ కట్టి విడిపించుకోవచ్చా, మిగతా సామాను ఎప్పుడిస్తారు, అన్నయ్య మీద కేసు పడుతుందా" అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ అయిదింటిలో నీటిగుర్రం పన్ను, ఏనుగు వెంట్రుకల కంకణం తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోకండి. జీబ్రా చర్మం, కుడు తలకాయ, గుడ్డు విషయంలో వాదించడానికి కొంచెం చోటుంది గానీ, అది కూడా ఖాయం కాదు. మిగతా సామాను వస్తుంది. కేసు ఎంతదూరం పోతుందన్నది ఇక మీదట అన్నయ్య చెప్పే మాట మీద, చూపించే కాగితం మీద ఉంటుంది.

నేను విశాఖ పోర్టులో ఇరవై ఆరేళ్లుగా కస్టమ్స్ బ్రోకర్‌గా పనిచేస్తున్నాను. నేను చేరినప్పుడు మమ్మల్ని సీహెచ్‌ఏ (కస్టమ్ హౌస్ ఏజెంట్) అనేవారు, పోర్టు ఏరియాలో పాతవాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ల సామాను, షిప్పు దిగి వచ్చే సీమెన్ సామాను ఎక్కువగా చూశాను కాబట్టి, ఇలాంటి ఫైళ్లు నా చేతి మీదుగా కొన్ని వెళ్లాయి. లాయర్ని కాను. స్టేట్‌మెంటుకు వెళ్లే ముందు లాయర్ని తప్పకుండా కలవండి.

అక్కడి లైసెన్సు ఇక్కడ ఎందుకు పనికిరాదు

దాదాపు అందరూ పట్టుకుని వేలాడేది ఈ ఒక్క మాటనే: "అక్కడ లీగల్." నిజమే, దక్షిణాఫ్రికాలో లైసెన్సు తీసుకుని వేటాడటం అక్కడి చట్టం ఒప్పుకున్న పని. కానీ ఆ లైసెన్సు చెప్పేది ఒక్కటే, ఆ జంతువును చంపడానికి అనుమతి ఉందని. అక్కడి నుంచి బయటికి పంపడానికి అనుమతి వేరు, మన దేశంలోకి తేవడానికి అనుమతి వేరు. మూడు గుమ్మాలున్న ఇంట్లో మీ అన్నయ్య దగ్గర మొదటి గుమ్మం తాళమే ఉంది.

వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపులో పెట్టే సైటిస్ అనే ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది, మన దేశం 1976 నుంచి అందులో ఉంది. అందులో జంతువులను మూడు అనుబంధాలుగా విడగొట్టారు. మొదటి అనుబంధంలో ఉన్నదానికి వాణిజ్యం దాదాపు నిషేధం. ఎగుమతి పర్మిట్‌తో పాటు దిగుమతి చేసుకునే దేశం పర్మిట్ కూడా ఉండాలి, అదీ ముందుగానే. రెండో అనుబంధంలో ఉన్నదానికి ఎగుమతి చేసే దేశం పర్మిట్ తప్పనిసరి, దానిపైన దిగుమతి చేసుకునే దేశం సొంత షరతులు పెట్టుకోవచ్చు. మన దేశం పెట్టుకుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానితో సైటిస్ జాబితాలు మన చట్టంలోనే నాలుగో షెడ్యూలుగా చేరాయి. అంతకుముందు విదేశీ జంతువుల వస్తువులను ఎక్కువగా కస్టమ్స్ చట్టం, విదేశీ వాణిజ్య విధానం కిందనే ఆపేవారు. ఇప్పుడు వన్యప్రాణి చట్టం కూడా నేరుగా తగులుతుంది. పదేళ్ల కిందట ఎవరో బంధువు ఇలాంటిది ఫైన్ కట్టి తెచ్చుకున్నాడని ఎవరైనా చెబితే ఆ కబురు నమ్మి అడుగు వేయకండి.

ఇంకో సంగతి. ఆ చట్టంలో "ట్రోఫీ" అంటే గోడ మీది తలకాయ ఒక్కటే కాదు. చర్మం, కొమ్ము, ఎముక, పన్ను, గోరు, వెంట్రుక, ఈక, గుడ్డు, గూడు కూడా ఆ మాట కిందికే వస్తాయి. "అది చిన్న కంకణమే కదా" అనే వాదన అందుకే నిలబడదు.

ఇప్పుడు మీ అయిదు వస్తువులు

కుడు సైటిస్ జాబితాల్లో లేదు. మన చట్టం షెడ్యూళ్లలోనూ లేదు. మీ చేతిలో ఉన్న కాస్త బలమైన ముక్క ఇదే. అయినా అక్కడి వేట రికార్డు, ఎగుమతి అనుమతి, పశువైద్య ధ్రువపత్రం అడుగుతారు. మన వాణిజ్య విధానంలో ఆ వస్తువు పడే టారిఫ్ శీర్షికకు లైసెన్సు కావాలా, పూర్తిగా నిషేధమా అనేదీ చూస్తారు. కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటే, తిరిగి ఆ దేశానికే పంపించుకోవడానికి అనుమతి అడగడం మంచి దారి. ఇంటికే కావాలని పట్టుబడితే ఫైలు ముదురుతుంది.

జీబ్రా దగ్గర మెలిక ఉంది. మైదానాల్లో తిరిగే మామూలు జీబ్రా సైటిస్‌లో లేదు. కొండ జీబ్రా రెండో అనుబంధంలో, గ్రేవీ జీబ్రా మొదటి దాంట్లో ఉన్నాయి. పరిచిన చర్మం చూస్తే కొంతవరకు తెలుస్తుంది: మైదానపు జీబ్రాకు చారలు పొట్ట దాకా దిగుతాయి, కొండ జీబ్రాకు పొట్ట తెల్లగా ఉండి, తోక మొదట్లో వీపు మీద ఇనప జల్లెడలాగా సన్నటి అడ్డచారలు కనిపిస్తాయి. మీ దగ్గర ఆ చర్మం ఫోటో ఉంటే ఇప్పుడే తీసి చూడండి. అయితే మీరు చూసి చెప్పినంత మాత్రాన సరిపోదు. జంతువు ఏదో తేల్చాల్సింది వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో, లేదా వాళ్లు పంపించిన ప్రయోగశాల. దక్షిణాదికి ఆ బ్యూరో ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో ఉంది. డీఎన్‌ఏ పరీక్ష కావాలంటే హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్, డెహ్రాడూన్‌లో వన్యప్రాణి సంస్థ ఉన్నాయి. రిపోర్టు రావడానికి నెలలు పట్టవచ్చు, అందుకు సిద్ధపడండి.

నీటిగుర్రం రెండో అనుబంధంలో ఉంది. ఎగుమతి పర్మిట్ లేకుండా వచ్చిన పన్ను అంటే, అది చెక్కడం పని చేసినదైనా, దుకాణంలో బిల్లుతో కొన్నదైనా, పోయినట్టే. పైగా తెల్లగా కనబడే ఏ పన్నునైనా మొదట ఏనుగు దంతమేమో అనే అనుమానంతోనే చూస్తారు. అది నీటిగుర్రానిదే అయితే తేలిపోతుంది. ఏనుగు దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి గీతలు ఉంటాయి, నీటిగుర్రం పన్నులో ఉండవు. అది తేలేదాకా మీ అన్నయ్య ఏనుగు దంతం అనుమానం కింద ఉంటారు. అందుకే కొన్న దుకాణం బిల్లులో జంతువు పేరు రాసి ఉంటే అది చాలా విలువైన కాగితం.

ఏనుగు వెంట్రుకల కంకణాలని అమ్మేవాటిలో చాలావరకు ప్లాస్టిక్ తీగలే. నిజంగా ప్లాస్టిక్కే అయితే పరీక్షలో తేలి, దాని గొడవ తీరిపోతుంది. అయితే "అది ప్లాస్టిక్ అని నాకు ముందే తెలుసు" అని స్టేట్‌మెంటులో రాయించకండి, నిజంగా తెలిస్తే తప్ప. ఏనుగు వెంట్రుకే అని తేలితే ఆ ఒక్క వాక్యం మిగతా మాటలన్నింటినీ అబద్ధం చేస్తుంది.

ఉష్ట్రపక్షి గుడ్డు సంగతి తేలిక. దక్షిణాఫ్రికాలో వాటిని ఫారాల్లో పెంచుతారు, అక్కడివి సైటిస్‌లో లేవు. ఉత్తరాఫ్రికా వైపు వాటికే మొదటి అనుబంధం. గుడ్డుకు ఎక్కువగా వచ్చే అడ్డంకి పశుసంవర్ధక శాఖ వైపు నుంచి, బర్డ్ ఫ్లూ భయం వల్ల.

"ఇప్పుడు పర్మిట్ తెప్పిస్తాం" అనే ఆలోచన వదిలేయండి

ఈ మాట నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట టాంజానియాలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన సామానులో రెండు నీటిగుర్రం పళ్లు దొరికాయి. "అక్కడ నాకు తెలిసినవాళ్లున్నారు, పర్మిట్ రాయించి తెప్పిస్తాను, ఆగండి" అన్నారు. నేనూ సరేనన్నాను. అది నేను చేసిన తప్పు, ఆయన కుటుంబం నాలుగు నెలలు ఆ తప్పుకు నష్టపోయింది. పర్మిట్ నిజంగానే వచ్చింది. అధికారి దాన్ని తీసుకుని బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కినట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం) పక్కన పెట్టారు. సరుకు ఓడ ఎక్కిన తేదీ ముందు, పర్మిట్ తేదీ తరువాత. ఇంకేం మాట్లాడతాం? సరుకు బయలుదేరాక రాసిన పర్మిట్‌ను మామూలుగా ఒప్పుకోవద్దన్నది సైటిస్ దేశాలన్నీ పెట్టుకున్న నియమం. ఈలోగా ఆయన బీరువాలు, మంచాలు, మనవరాలి పుస్తకాలు అన్నీ గోడౌన్‌లో ఉండిపోయాయి.

పర్మిట్ ఉన్నవాళ్లు కూడా మూడు సంగతులు చూసుకోవాలి. సైటిస్ ఎగుమతి పర్మిట్ చెల్లుబాటు ఆరు నెలలు మాత్రమే. అసలు కాగితం కావాలి, ఫోటోకాపీ కుదరదు. ఇంకా, సరుకు ఆ దేశం దాటేటప్పుడు అక్కడి అధికారి పర్మిట్ మీద ఎన్ని వస్తువులు వెళ్తున్నాయో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే పర్మిట్ ఉన్నా లేనట్టే లెక్క. ప్యాకర్లు చాలామంది ఈ సంగతి కస్టమర్‌కు చెప్పరు.

మిగతా సామాను

మీ ఇంట్లో అందరికీ కావలసింది ఇదే కాబట్టి జాగ్రత్తగా చదవండి. కస్టమ్స్ చట్టం 118వ సెక్షన్ ప్రకారం, ఒక పెట్టెలో జప్తుకు లోనయ్యే వస్తువు ఉంటే, ఆ పెట్టె, అందులోని మిగతా వస్తువులు కూడా జప్తుకు లోనవుతాయి. కంటైనర్ మొత్తం కాదు, ఆ పెట్టె. అందుకే ప్యాకింగ్ లిస్టు తీసి, ఆ అయిదు వస్తువులు ఏ నంబరు పెట్టెల్లో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. మిగిలిన పెట్టెలకు వేరుగా విడుదల అడుగుతూ ఒక అర్జీ పెట్టండి. ఆ అర్జీలో అయిదు వస్తువుల గురించి వాదన ఒక్క ముక్క కూడా కలపకండి. "వీటి విచారణకు పూర్తిగా సహకరిస్తాం, వీటితో సంబంధం లేని మా ఇంటి సామాను విడుదల చేయండి" అని అంతే. ఆ పెట్టెల్లోనే దుప్పట్లు, వంటసామాను ఉండి అవి కూడా సీజ్ అయి ఉంటే, 110ఏ సెక్షన్ కింద బాండు, పూచీ ఇచ్చి తాత్కాలికంగా విడిపించుకోవచ్చు. వన్యప్రాణి వస్తువులకు ఆ సెక్షన్ కింద విడుదల వస్తుందని మాత్రం అనుకోవద్దు.

అద్దె గురించి: కస్టమ్స్ సీజ్ చేసిన లేదా ఆపిన సరుకుకు గోడౌన్ నిర్వాహకులు అద్దె, డెమరేజ్ (సరుకు ఆలస్యంగా తీసుకెళ్తే వేసే రుసుము) వసూలు చేయకూడదని 2009 నాటి కార్గో నిర్వహణ నిబంధనల్లో ఉంది. అది మీకు తనంతట తాను వర్తించదు. ఎన్ని రోజులు కస్టమ్స్ ఆపిందో రాసి ఇమ్మని కస్టమ్ హౌస్‌లో డిటెన్షన్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. మొహమాటపడకండి, అది మీ హక్కు. షిప్పింగ్ లైన్ కంటైనర్‌కు వేసే రోజువారీ చార్జీ వేరే లెక్క. సామాను గోడౌన్‌లో దించేసి ఖాళీ కంటైనర్ వీలైనంత త్వరగా వాపసు ఇచ్చేలా మీ ఏజెంట్‌ను తొందరపెట్టండి.

స్టేట్‌మెంట్

మీ అన్నయ్యను కస్టమ్స్ చట్టం 108వ సెక్షన్ కింద పిలుస్తారు, లేదా ఇప్పటికే పిలిచి ఉంటారు. అక్కడ చెప్పేది, సంతకం పెట్టేది సాక్ష్యం. అందుకే ఈ కథ చెబుతున్నాను. మల్కాపురం వైపు ఒక సీమన్ కుర్రాడు సెలవు మీద ఇంటికి వస్తూ పసిఫిక్ వైపు ఒక రేవులో కొన్న సముద్రపు తాబేలు డిప్ప తెచ్చాడు. సముద్రపు తాబేళ్లు సైటిస్ మొదటి అనుబంధంలోనూ, మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోనూ ఉన్నాయి. భయపడి, "నాది కాదు, ఒక ఫ్రెండ్ ఇచ్చి తీసుకెళ్లమన్నాడు" అన్నాడు. అప్పటిదాకా అది తెలియక తెచ్చిన ఒక సీమన్ వ్యవహారం. ఆ మాటతో అది ఒకరు పంపించగా ఇంకొకరు తెచ్చిన వ్యవహారమైంది. ఆ ఫ్రెండ్ ఎవరు, ఎన్నిసార్లు పంపాడు, డబ్బు ఎంత, అని ఎనిమిది నెలలు సమన్లు. లేని ఫ్రెండ్‌ను ఎక్కడి నుంచి తెస్తాడు? చివరికి నిజం చెప్పేసరికి అతని ఓడ కాంట్రాక్టు పోయింది. వాళ్లమ్మగారు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటి రోజే "నేనే కొన్నాను, నిషేధమని తెలియదు, బిల్లు ఇదిగో" అని ఉంటే జప్తు, పెనాల్టీతో ముగిసే అవకాశం చాలా ఎక్కువ ఉండేది.

కాబట్టి మీ అన్నయ్య చెప్పాల్సింది నిజం, అదీ అడిగినంత మేరకు. తెలియనిదాన్ని తెలియదని చెప్పమనండి. తెలుగులో రాయిస్తానంటే ఆ హక్కు ఉంది. ఇంగ్లిష్‌లో టైపు చేసినదైతే ప్రతి పేజీ చదివి వినిపించుకున్నాకే సంతకం పెట్టాలి. పంచనామాలో ఎన్ని వస్తువులు, ఏ పెట్టె నంబర్లు, ఏ పరిస్థితిలో ఉన్నాయి అనేవి సరిపోల్చి ఒక ప్రతి తెచ్చుకోండి. ప్యాకింగ్ లిస్టులో ఆ వస్తువులను ఏమని రాశారన్నది ఇక్కడ కీలకం. జీబ్రా చర్మం అని సూటిగా రాసి ఉంటే దాచాలనే ఉద్దేశం లేదని చూపించవచ్చు. "ఇంటి అలంకరణ సామగ్రి" అని రాసి ఉంటే, అలా రాసింది ప్యాకర్లా, అన్నయ్యా అనేది ముందే తేల్చుకోండి. ప్యాకర్లకు పంపిన పాత మెయిల్స్, ఫోన్ మెసేజీలు తీసి పెట్టుకోండి.

షోకాజ్ నోటీసు వద్దని ముందే రాసిచ్చే ఫారం మీద సంతకం పెట్టమంటే ఆలోచించకుండా పెట్టకండి. ముందే అచ్చువేసి ఉంచిన అలాంటి ఫారాలతో నోటీసును ఎత్తేయడం చెల్లదని 2025లో ఢిల్లీ హైకోర్టు బ్యాగేజీ (ప్రయాణికుల సామాను) కేసుల్లో చెప్పింది. నోటీసు వస్తే కనీసం ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో అనేది మీకు రాతలో తెలుస్తుంది.

గడువులు

సీజ్ చేసిన తేదీ నుంచి ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి. కమిషనర్ కారణాలు రాసి, మీకు తెలియజేసి, ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. ఆ గడువులో నోటీసు రాకపోతే సీజ్ చేసిన సరుకు తిరిగి ఇవ్వాలని 110వ సెక్షన్ చెబుతుంది. కానీ వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ తన వైపు నుంచి పట్టుకోవడానికి దానితో అడ్డేమీ ఉండదు. గడువు దాటిందని సంబరపడి పరుగెత్తిన వాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

తరువాత పర్సనల్ హియరింగ్, ఆపైన ఆర్డరు. నిషేధిత వస్తువు అయితే 125వ సెక్షన్ కింద ఫైన్ కట్టి విడిపించుకునే అవకాశం ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి విచక్షణ. నిషేధం లేని వస్తువుకు ఇచ్చి తీరాలి. మీ మొదటి ప్రశ్నకు చట్టంలో ఉన్న జవాబు ఈ రెండు వాక్యాలే. సైటిస్ కాగితం లేని వన్యప్రాణి వస్తువుకు ఆ అవకాశం ఇచ్చిన ఆర్డరు నా అనుభవంలో ఒక్కటీ లేదు. పూర్తి జప్తు చేసి అటవీశాఖకు అప్పగిస్తారు. ఆర్డరు మీద అసంతృప్తి ఉంటే 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి, అక్కడా కాకపోతే బ్యాగేజీ కేసు కాబట్టి మూడు నెలల్లో కేంద్ర ప్రభుత్వానికి రివిజన్ దరఖాస్తు. బ్యాగేజీ వ్యవహారాలు ట్రిబ్యునల్‌కు వెళ్లవు. ఈ తేడా తెలియక తప్పు తలుపు తట్టి గడువు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

"మాకు వద్దు, వదిలేసుకుంటాం, ప్రభుత్వమే తీసుకోమనండి" అంటే కేసు ఆగిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఆగదు. 23వ సెక్షన్ కింద సరుకు మీద హక్కు వదులుకోవచ్చు గానీ, నేరం జరిగినట్టు కనిపిస్తున్న సరుకుకు ఆ వెసులుబాటు లేదు. అయినా హియరింగ్‌లో "జప్తును మేము ఎదిరించడం లేదు, పెనాల్టీ తగ్గించమని మాత్రం కోరుతున్నాం" అని చెప్పడం వేరు, దానికి విలువుంది.

జైలు భయం గురించి: మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరానికి వన్యప్రాణి చట్టంలో మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా శిక్ష, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. మీ జాబితాలో పులి, చిరుత, సముద్రపు తాబేలు లాంటివి లేవు. మిగతా చాలా ఉల్లంఘనలకు మూడేళ్ల దాకా శిక్ష, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే లాయర్ దగ్గరికి ముందే వెళ్లమన్నాను.

ఒక విన్నపం. ఈ పాటికి ఎవరో ఒకరు మీకు ఫోన్ చేసి "మాకు లోపల మనుషులున్నారు, ఇంత ఇస్తే బయటికి తెప్పిస్తాం" అని ఉంటారు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. అన్నయ్య ఇప్పుడున్నది తెలియక చేసిన తప్పులో. అది తెలిసి చేసిన తప్పుగా మారిపోతుంది.

డిక్లేర్ చేస్తే ఎంత తేడానో

ఎంవీపీ కాలనీకి పెళ్లికి వచ్చిన ఒక ఆవిడ సింగపూర్‌లో ఉంటారు. చేతిలో మొసలి తోలు సంచి. దిగగానే రెడ్ చానెల్‌లోకి (డిక్లేర్ చేయాల్సినవి ఉన్నవాళ్ల దారిలోకి) వెళ్లి తనే చెప్పారు. కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ ప్రకారం, నిజంగా డిక్లేర్ చేసిన నిషేధిత వస్తువును ప్రయాణికురాలి కోరిక మీద ఆపి ఉంచి, దేశం విడిచి వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వవచ్చు. రసీదు ఇచ్చారు. మూడు వారాల తరువాత వెళ్లిపోతూ సంచి తీసుకుని వెళ్లారు. అదే సంచి, అదే మొసలి, చెప్పకుండా గ్రీన్ చానెల్‌లో (చెప్పాల్సిందేమీ లేనివాళ్ల దారిలో) నడిచి ఉంటే పెనాల్టీ. మీ అన్నయ్య విషయంలో ఈ సమయం దాటిపోయింది. మీ వదినగారి తరఫువాళ్లో, స్నేహితులో ఇంకా అక్కడే ఉంటే వాళ్లకు చెప్పండి.

ఇంటర్నెట్‌లో ఒక జాబితా తిరుగుతూ ఉంటుంది: సొంత వాడకానికి ఒక్కొక్కరు నాలుగు మొసలి తోలు వస్తువులు, మూడు క్వీన్ కాంక్ శంఖాలు, నాలుగు సముద్రపు గుర్రాలు, 125 గ్రాముల కేవియర్ (చేప గుడ్లు) పర్మిట్ లేకుండా తెచ్చుకోవచ్చని. అది సైటిస్ తీర్మానంలో నిజంగానే ఉంది. కానీ ప్రతి దేశం అంతకన్నా కఠినంగా ఉండవచ్చని కూడా అక్కడే ఉంది. మన దగ్గర సముద్రపు గుర్రాలు, పగడపు దిబ్బల ముక్కలు, పెద్ద ఆల్చిప్పల్లో కొన్ని రకాలు 2001 నుంచీ రక్షిత జాబితాలో ఉన్నాయి. మన విశాఖ సీమెన్ ఎక్కువగా చిక్కుకునేది పులి చర్మాలతో కాదు, ఈ గవ్వలు, పగడాలతోనే. పిల్లలు ఆడుకుంటారని తెచ్చిన ముక్కలు.

ఏనుగు దంతం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, ఇది మన ఊరి సంగతి కాబట్టి. పద్ధెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు రోజ్‌వుడ్ మీద దంతం పొదిగి, దాని మీద సన్నటి గీతలు చెక్కి నలుపు నింపి చేసిన పెట్టెలు, కుర్చీలు ఇవాళ లండన్‌లో ఒక మ్యూజియంలో ఉన్నాయి, వేలాల్లోకి వస్తుంటాయి. లాసన్స్ బే కాలనీలో ఉండే ఒకాయన అలాంటి చిన్న పెట్టె ఒకటి వేలంలో కొని ఇంటికి తెచ్చుకోవాలని నన్ను అడిగారు. "మన ఊళ్లో పుట్టిన వస్తువు మన ఊరికి రావడానికి ఎవరి అనుమతి కావాలి" అన్నారు. ఆయన ఆరాటం నాకు అర్థమైంది, నాకూ ఆ పెట్టెను చేతిలోకి తీసుకోవాలని ఉంది. కానీ దంతం ఎంత పాతదైనా దంతమే. దిగుమతి అయిన దంతాన్ని కూడా 1991 సవరణ వ్యాపారం నుంచి నిషేధించింది. వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన మామత్ (ఇప్పుడు లేని ఏనుగు లాంటి జంతువు) దంతం కూడా ఆ నిషేధం కిందికే వస్తుందని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. మామత్‌కే మినహాయింపు లేనప్పుడు రెండు వందల ఏళ్ల పెట్టె ఏ ధైర్యంతో తెప్పించాలి? కొనవద్దని చెప్పాను. ఆయన బాధపడ్డారు గానీ కొనలేదు.

ఇక మీ పని. సీజర్ కాగితం మీద ఉన్న తేదీ, అందులో రాసిన సెక్షన్లు, ఆ అయిదు వస్తువులు ఏ పెట్టెల్లో ఉన్నాయి, స్టేట్‌మెంట్ అయిందా లేదా, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, కంటైనర్ నంబరు మాత్రం బయట పెట్టకండి. మిగతా పెట్టెల విడుదలకు పెట్టే అర్జీ ఎలా రాయాలో చూసి చెబుతాను. అది ఈ వారంలోనే కస్టమ్ హౌస్‌లో ఇచ్చి, ఇన్‌వర్డ్ ముద్ర (అర్జీ అందిందనే ముద్ర) వేయించుకున్న ప్రతి దగ్గర పెట్టుకోండి.